ఈ నొప్పికి స్కాన్ తీయించాలా, ఆగాలా?

కుడి డొక్కలో, చివరి పక్కటెముకల దగ్గర నొప్పి మొదలై ఇవాళ్టికి తొమ్మిది రోజులు. దగ్గినా, మంచం మీద పక్కకు ఒత్తిగిలినా కలుక్కుమంటోంది. కదలకుండా కూర్చుంటే సద్దుమణుగుతోంది. మొదటి రోజే ఇంట్లో చెప్పాను. మూడో రోజు డాక్టర్ గారికి మెసేజ్ పెట్టాను. ఈ రెండు పనులూ నాకు ఒకప్పుడు చేతకాలేదు. దానివల్ల ఏం జరిగిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

మాది ఖమ్మం. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశాను. 2017లో ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. మాత్ర వేసుకుంటూ మళ్లీ బడికి వెళ్లాను, మూడేళ్లు పాఠాలు చెప్పుకున్నాను. 2020 ఆఖర్లో నడుం నొప్పి అని తీసిన స్కాన్‌లో వెన్నులో ఎల్3 దగ్గర, అంటే నడుం భాగంలోని మూడో పూసలో, ఎడమ వైపు ఒక పక్కటెముకలో క్యాన్సర్ కనిపించింది. నాలుగో స్టేజి. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకం. అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ మాత్ర. దాంతో పాటు పాల్బోసిక్లిబ్ ఇరవై ఒక్క రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపడం. ఎముకల కోసం మూడు నెలలకోసారి జోలెడ్రానిక్ యాసిడ్ సెలైన్. ఇక పూర్తిగా పోయే జబ్బు కాదని, అదుపులో పెట్టుకుంటూ వెళ్లాలని డాక్టర్ గారు మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పారు.

అదుపులో ఉన్నన్నాళ్లూ వంట, పూజ, పిల్లల ఫోన్లు, పెరట్లో మొక్కలు, అన్నీ మామూలే. ఇబ్బందల్లా కొత్తగా ఎక్కడైనా నొప్పి లేచినప్పుడే. పైగా మా మందులే నొప్పులు తెచ్చిపెడతాయి. లెట్రోజోల్‌తో పొద్దున లేవగానే వేళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, మోకాళ్లు పట్టేస్తాయి. జోలెడ్రానిక్ ఎక్కించిన మర్నాడు ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు విరగ్గొడుతుంది. విటమిన్ డి తక్కువైతే ఎముకలు లాగుతాయి. యాభై దాటిన ఒంట్లో అరుగుదల ఎలాగూ ఉంటుంది. ఇన్నింటి మధ్య ఏ నొప్పి జబ్బుది, ఏది మందుది, ఏది వయసుది అని విడదీయడం ఎవరి వల్ల అవుతుంది?

మొదటిసారి 2021లో కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవాలన్నా, పై అరలో డబ్బా తీయాలన్నా చెయ్యి లేవదు. పది రోజులు కూడా ఆగలేదు. ఏడ్చి, ఆయన్ని ఒప్పించి, డాక్టర్ గారు "ఇంకొన్నాళ్లు చూద్దామా అమ్మా" అంటున్నా వినకుండా, ఒళ్లంతా జబ్బు ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ రాయించుకున్నాను. అప్పటికి కోవిడ్ టీకా రెండో డోసు వేయించుకుని మూడు వారాలైంది. ఎడమ వైపు ఆపరేషన్ అయింది కాబట్టి టీకా కుడి చేతికి వేశారు. స్కాన్‌లో ఎముకలు బాగానే ఉన్నాయి. కానీ కుడి చంకలో లింఫ్ గడ్డలు వెలుగుతున్నాయని, క్యాన్సరా కాదా తేల్చుకోవాలని రిపోర్టులో రాశారు.

ఆ రిపోర్టు శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లోకి వచ్చింది. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "మీ డాక్టర్‌ని అడగండి" అని పెట్టేశారు. డాక్టర్ గారు సోమవారం దాకా దొరకరు. మూడు రాత్రులు, రెండు పగళ్లు ఆ కాగితంలో ప్రతి మాటనూ నెట్‌లో వెతుకుతూ కూర్చున్నాను. ఎల్3 దగ్గర 'స్క్లెరోటిక్' అని రాసి ఉంటే అది కొత్త జబ్బేమోనని గుండె జారిపోయింది. మందుకు లొంగి మానుతున్న ఎముక గట్టిపడినప్పుడు కూడా అలాగే రాస్తారట. ఆ సంగతి సోమవారం దాకా తెలియలేదు. టీకా వేసిన వైపు చంకలో గడ్డలు కొన్ని వారాలు అలా వెలగడం ఆ రోజుల్లో డాక్టర్లు తరచూ చూస్తూనే ఉన్నారట. నిర్ధారణ కోసం మళ్లీ అల్ట్రాసౌండ్, రెండు నెలలాగి మరోసారి. చివరికి గడ్డలు వాటంతటవే తగ్గిపోయాయి. భుజానిది ఫ్రోజెన్ షోల్డర్, అంటే కీలు బిగుసుకుపోవడం, ఫిజియోథెరపీతో ఆర్నెల్లకు దారికొచ్చింది.

నొప్పికి భయపడి స్కాన్‌కి పరిగెత్తితే అసలు నొప్పికి జవాబు దొరక్కపోగా కొత్త అనుమానం ఒకటి నెత్తిన పడొచ్చని అప్పుడు తెలిసింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నేను మాత్రం ఇంకెప్పుడూ తొందరపడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టే తర్వాత నా మీదికి తెచ్చింది.

2023 డిసెంబరులో కుడి తుంటి లోపల, గజ్జకు దగ్గరగా సలుపు మొదలైంది. మొదట్లో మెట్లెక్కితేనే తెలిసేది. జనవరికల్లా రాత్రి రెండింటికి, మూడింటికి మెలకువ వచ్చేసేది. ఎటు తిరిగి పడుకున్నా సుఖం లేదు. లేచి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన లేస్తే "నిద్ర పట్టలేదండీ, ఆకలేసింది" అనేదాన్ని. మూడు నెలలకోసారి చేసే సీఏ 15-3 రక్తపరీక్షలో, అంటే క్యాన్సర్ జాడ చూపే మార్కర్ పరీక్షలో, అంకె కదల్లేదు. దాన్ని పట్టుకుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఆ మార్కర్ అందరిలోనూ పెరగదు. జబ్బు పెరుగుతున్నా అది నిలకడగా ఉండిపోయేవాళ్లున్నారు. ఆ రకంలో నేనూ ఒకదాన్ని.

దాచడానికి కారణాలు రెండు. ఒకటి, అమ్మాయి పెళ్లి కుదిరింది, ముహూర్తం మార్చిలో. పెళ్లి పనుల మధ్య ఇంట్లో మళ్లీ ఆసుపత్రి మాట ఎత్తడం ఇష్టం లేకపోయింది. రెండోది పైకి చెప్పుకోలేనిది. స్కాన్‌లో జబ్బు పెరిగినట్టు తేలితే పాల్బోసిక్లిబ్ ఆపేస్తారు. మూడేళ్లు నన్ను నిలబెట్టిన మందది. మొదట్లో దాన్ని కొనడానికి పొలం అమ్మేదాకా ఆలోచించాం. 2023 జనవరిలో పేటెంట్ గడువు తీరి మన కంపెనీల మందులు వచ్చాక ధర బాగా దిగి, ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడది చేజారిపోతే మిగిలేవెన్ని మందులు అని రాత్రుళ్లు కూర్చుని లెక్క వేసేదాన్ని. స్కాన్ తీయించుకోనంత కాలం ఆ మందు నాదే అనిపించేది. ఎంత పొరపాటు ఆలోచనో ఇప్పుడు తెలుస్తోంది. పనిచేయడం మానేసిన మందును నేను రోజూ మింగుతూ కూర్చున్నాను.

మాఘమాసం రాగానే మంచిరోజు చూసి పసుపు దంచారు. రోలు చుట్టూ ముత్తయిదువులం కూర్చున్నాం. రోకలికి పసుపు గుడ్డ కట్టి, పాట అందుకున్నారు. నా వంతు అయ్యాక లేవబోయాను. కుడికాలు మీద బరువు పడగానే తుంటిలోంచి మోకాలి దాకా పోటు ఒక్కసారి దిగింది. లేవలేకపోయాను. చేతిలో రోకలి అలాగే నేలకు ఆనించి దాని మీద భారం వేసి ఉండిపోయాను. అరచేతులకు అంటిన పసుపు చెమటకు తడిసి మణికట్టు మీదకి కారుతోంది. పాట ఆగలేదు, ఎవరూ గమనించలేదు. ఎదురుగా కూర్చున్న మా చెల్లి మాత్రం నా మొహం చూసింది. ఏమీ అనకుండా వచ్చి, నా చంక కింద చెయ్యి వేసి లేపి, లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది.

"ఎన్నాళ్లనుంచి అక్కా?"

"రెండు నెలలు."

"బావగారికి తెలుసా?"

నేను మాట్లాడలేదు. అది నన్ను కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నా చేతులకు అంటిన పసుపు తన చీర కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.

ఆ సాయంత్రమే డాక్టర్ గారికి ఫోన్ చేశాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్నలు నేను ఊహించినవి కావు. కాళ్లలో బలం తగ్గిందా? తిమ్మిరి ఉందా? మూత్రం ఆగిపోవడం గానీ, తెలియకుండా పోవడం గానీ ఉందా? అవి ఉంటే వెన్నుపాము నలుగుతోందని అర్థమట. అప్పుడు గంటల లెక్కలో ఎంఆర్ఐ తీయాలి, ఆలస్యమైతే కాళ్లు మళ్లీ రాకపోవచ్చు. లేవని చెప్పాను. అయితే ఆ కాలు మీద బరువు పెట్టొద్దు, రేపే ఎక్స్‌రే తీయించి పంపండి అన్నారు.

ఖమ్మంలోనే ఎక్స్‌రే తీయించాం. మామూలుగానే ఉందన్నారు. ఇంట్లో అందరి మొహాలూ వికసించాయి. డాక్టర్ గారు మాత్రం ఒప్పుకోలేదు. "ఎముక మూడోవంతు నుంచి సగం దాకా తినేస్తే గానీ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చమ్మా. విరగలేదని మాత్రమే ఇది చెబుతోంది" అన్నారు. రెండు రోజుల్లో హైదరాబాద్ వెళ్లి తుంటికి ఎంఆర్ఐ తీయించాం. తొడ ఎముక గుండు కూర్చునే గిన్నెలో మచ్చ ఉంది. మందు మార్చేముందు ఒళ్లంతా చూడాలని ఆ వారంలోనే పెట్ స్కాన్. కటి ఎముకలో ఇంకో రెండు చోట్ల బయటపడింది. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

పెట్ స్కాన్ తెలియనివాళ్లకు ఒక్క మాట. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ చూసి, నరంలోకి రేడియో ధార్మిక గ్లూకోజ్ ఎక్కిస్తారు. తర్వాత గంటసేపు ఒక చల్లటి గదిలో కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. చలికి ఒళ్లు వణికితే, కండరాలు బిగుసుకుంటే అక్కడా గ్లూకోజ్ చేరి బొమ్మ పాడవుతుందట. అందుకే దుప్పటి అడిగి కప్పుకోవాలి. ఆ రోజంతా చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమంటారు. ఆ గంటే అన్నింటికంటే కష్టం. ఫోన్ ఉండదు, పుస్తకం ఉండదు. నాకు ఎక్కాలు చెప్పుకోవడం అలవాటు. పంతొమ్మిదో ఎక్కం దాకా వస్తాను.

తుంటికి ఒకే ఒక్క సిట్టింగ్‌లో 8 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ ఇచ్చారు. నొప్పి తగ్గించడానికి పది సిట్టింగులు ఇచ్చినా, ఒక్కటి ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటేనట. మొదటి మూడు రోజులు నొప్పి రెట్టింపైంది. ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. మూడో వారానికి రాత్రుళ్లు నిద్ర పట్టింది. అమ్మాయి పెళ్లికి చేతికర్ర పట్టుకుని నడిచాను, కన్యాదానం కుర్చీలో కూర్చుని చేశాను. పీటల మీద కూర్చోలేదని ఎవరూ తప్పు పట్టలేదు. అమ్మాయి అప్పగింతలప్పుడు ఒకటే మాట అంది. "అమ్మా, నా పెళ్లి కోసం నువ్వు నొప్పి దాచావని నాకు జీవితాంతం గుర్తుంటుంది. ఇంకెప్పుడూ ఇలా చేయకు."

పెళ్లయ్యాక, మందు మార్చే రోజున డాక్టర్ గారి దగ్గర చాలాసేపు కూర్చున్నాం. మా ఆయనా, చెల్లీ కూడా లోపలికి వచ్చారు. "ఒకసారి తొందరపడ్డాను, ఒకసారి ఆలస్యం చేశాను. అసలెప్పుడు స్కాన్ తీయించాలో ఒక లెక్క చెప్పండి" అని అడిగాను. లెక్కల టీచర్ని కదా, లెక్క లేకపోతే నాకు నిద్ర పట్టదు. డాక్టర్ గారు నా ఫైలు వెనక అట్ట మీద స్వయంగా రాసిచ్చారు.

ఇంతకు ముందు లేని చోట నొప్పి వచ్చి, రోజూ ఉంటూ, రెండు వారాలకీ తగ్గకపోతే ఫోన్ చేయాలి. రెండు వారాలు కాకపోయినా, రోజురోజుకీ పెరుగుతుంటే గానీ, నిద్రలోంచి లేపుతుంటే గానీ, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే గానీ ఆ రోజే ఫోన్ చేయాలి. జోలెడ్రానిక్ ఎక్కించిన తర్వాత మూడు రోజుల నొప్పులు లెక్కలోకి రావు. కాళ్లలో నీరసం, నడుం చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి, మూత్రం దగ్గర తేడా, కాలు మోపలేకపోవడం, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఇవి వస్తే ఫోన్ కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. కొత్తగా అతిగా దాహం వేస్తూ, మలబద్ధకంతో, మనిషి మగతగా అయిపోతే రక్తంలో కాల్షియం పెరిగిందేమో చూడాలి. ఇవి నాకు, నా జబ్బు రకానికి రాసినవి. మీ డాక్టర్ చేత మీకు రాయించుకోండి. నొప్పి లేని రోజున అడగండి. నొప్పిలో ఉన్నప్పుడు మనం అడిగేదీ సరిగ్గా ఉండదు, వినేదీ సరిగ్గా ఉండదు.

ఆయన ఇంకో మాట అన్నారు, అది నాకు అన్నిటికంటే పనికొచ్చింది. స్కాన్ రాసే ముందు ఆయన తనను తాను రెండు ప్రశ్నలు వేసుకుంటారట. ఇందులో ఏదైనా కనిపిస్తే ఇప్పుడు ఏం మారుస్తాను? ఏమీ కనిపించకపోతే ఈ నొప్పికి ఏం చేస్తాను? రెండింటికీ జవాబు ఉంటేనే స్కాన్. అప్పటి నుంచి నేనూ అవే అడుగుతున్నాను.

నొప్పి ఎంత అని అడిగితే పదికి ఆరు, ఏడు అని చెప్పడం నాకు ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. మన మాటలు చెబితే డాక్టర్ గారికి ఎక్కువ అర్థమైంది. అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. తారీఖు, చోటు, ఏ వేళ, ఏం చేస్తే పెరిగింది, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపు తగ్గింది. నొప్పి పేరు మాత్రం నోటికి వచ్చినట్టే రాస్తాను. సలుపు, పోటు, లాగుడు, కలుక్కు, మంట, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు. 2023 నాటి తుంటిది సలుపు. పగలూ రాత్రీ లోపల ఎక్కడో ఎముకలోంచి వచ్చేది. లెట్రోజోల్‌ది బిగుసుకోవడం. పొద్దున ఉంటుంది, నాలుగు అడుగులు వేస్తే వదులుతుంది. ఈ తేడా కాగితం మీద కనబడుతుంది, మనసులో కనబడదు.

కొత్త మందు ఫుల్వెస్ట్రాంట్. రెండు పిరుదులకూ చెరో ఇంజెక్షన్. మొదటి నెలలో రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. ఐదో వారంలో ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగుడు, కరెంటు కొట్టినట్టు. నాకు మళ్లీ చేతులు చల్లబడ్డాయి. పుస్తకం చూస్తే ఇంజెక్షన్ వేసిన మర్నాడే మొదలైంది, రాత్రుళ్లు లేదు, కాలి బలం తగ్గలేదు. డాక్టర్ గారు కాలు ఎత్తమన్నారు, సూదితో తాకి చూశారు. ఇంజెక్షన్ నరానికి దగ్గరగా పడి ఉంటుందన్నారు. పైగా మందు మొదలైన కొత్తలో, మానుతున్న ఎముక కూడా బోన్ స్కాన్‌లో ఎక్కువ వెలుగుతుందట. ఇప్పుడు తీస్తే పనిచేస్తున్న మందునే పోయిందని అనుకునే ప్రమాదం ఉంది, పన్నెండు వారాల దాకా ఆగుదాం అన్నారు. తర్వాతి ఇంజెక్షన్ కాస్త పైన, నెమ్మదిగా వేయించుకున్నాను. పది రోజుల్లో తగ్గింది. పన్నెండో వారం స్కాన్‌లో మచ్చలు చల్లబడ్డాయి. ఆగడం కూడా ఒక నిర్ణయమేనని, దానికీ ఒక తారీఖు ఉంటే భయం కొంచెం అదుపులో ఉంటుందని అప్పుడు అనుభవంలోకి వచ్చింది.

స్కాన్ ఏ రోజు తీయించాలన్నది కూడా ఇప్పుడు మేమే ముందుగా చూసుకుంటున్నాం. శుక్రవారం వద్దు. మంగళవారం స్కాన్, గురువారం డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకున్నాకే బుక్ చేస్తాం. రిపోర్టు ఫోన్‌కి వచ్చినా తెరవను, మా ఆయన ఫోన్‌కి పంపమంటాను. ప్రతిసారీ అదే సెంటర్‌లో తీయిస్తాం, పాత సీడీలు వెంట తీసుకెళ్తాం. పోల్చి చూడకపోతే పాత మచ్చ కూడా కొత్తదానిలా భయపెడుతుంది.

ఇక ఈ తొమ్మిది రోజుల సంగతి. పుస్తకంలో మొదటి ఐదు రోజులూ 'కలుక్కు' అనే ఉంది. పరుపు ఎత్తి దుప్పట్లు మార్చిన రోజు సాయంత్రమే మొదలైంది, కండరం పట్టి ఉంటుందని డాక్టర్ గారూ అనుకున్నారు. దద్దురు వస్తుందేమో చూసుకోమన్నారు, సర్పి అయితే ముందు నొప్పి వచ్చి తర్వాత పొక్కులు లేస్తాయట. ఏమీ రాలేదు. ఏడో రోజు పక్కన నేనే 'లోపల సలుపు' అని రాసుకున్నాను. రాస్తుంటే చెయ్యి ఆగింది, అయినా మాట మార్చలేదు. నిన్న రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు మెలకువ వచ్చింది. ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు. ఆయన్ని లేపాను. లేచి దీపం వేసి, పుస్తకం తీసి, టైము ఆయనే రాశారు.

పొద్దున్నే ఫోన్ చేశాం. ఇక పద్నాలుగో రోజు దాకా ఆగక్కర్లేదన్నారు. వచ్చే నెల రావాల్సిన పెట్ స్కాన్‌నే ముందుకు జరిపారు. మంగళవారం స్కాన్, గురువారం డాక్టర్ గారు. సోమవారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు దొరికాయి. చెల్లికి ఫోన్ చేసి, మంగళవారం సాయంత్రం మనవణ్ణి నా దగ్గరికి రానివ్వొద్దని, వాడు కనబడితే నేను ఎత్తుకోకుండా ఉండలేనని చెప్పాను.